అటక సర్దుకుందాం, ఆపద తప్పించుకుందాం

మన భాషలో ఏదైనా పని మూలపడితే "అది అటకెక్కింది" అంటాం. అటక మీదికి చేరిన వస్తువు కంటికి కనబడదు, చేతికి అందదు, మనసుకు గుర్తుండదు. చాలా ఇళ్లలో జరుగుతున్నది కూడా ఇదే. ఒకవైపు ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదని బాధపడుతుంటాం. మరోవైపు తల మీద ఉన్న చోటంతా విరిగిన కుర్చీలు, ఖాళీ డబ్బాలు, పేరు కూడా మరచిపోయిన మూటలతో నిండి ఉంటుంది.

పాత పెంకుటింట్లో దూలాల మీద చెక్కలు పరచిన అటక కావచ్చు, డాబా ఇంట్లో వంటగది తలుపు పైన వేసిన సజ్జ కావచ్చు, కారు లేదా మోటారు సైకిలు పెట్టుకునే షెడ్డు పైభాగం కావచ్చు. సరిగ్గా సర్దుకుంటే అది ఇంటికి మరో చిన్న గదిలా ఉపయోగపడుతుంది.

ఆరోగ్య పత్రికలో అటక గురించి ఎందుకు అని మీరు అడగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కిందపడి మరణిస్తున్నారు. వీరిలో 80 శాతానికి పైగా మనవంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాలవారే. పడిపోవడం ఒక్కటే కాదు. ఎలుకలు, తేళ్లు, పురుగుమందులు, పాడైన మాత్రలు కూడా అటక మీద చోటు చేసుకుంటాయి. అందుకే ఈ పాఠంలో అటకను ఎలా శుభ్రం చేయాలి, దేనిని పైన పెట్టాలి, దేనిని పెట్టకూడదు, ఎవరు ఎక్కాలి అనే సంగతులు నేర్చుకుందాం.

1. ముందుగా శుభ్రం చేయడం

భోగికి ముందో, క్రిస్మస్‌కు ముందో ఇల్లు దులుపుకోవడం మన అలవాటు. అటక పనికి మాత్రం పండుగ ముందురోజు పెట్టుకోకండి. తొందరలో, అలసటలో, చీకటి పడ్డాక చేసే పనిలోనే ప్రమాదాలు జరుగుతాయి. తీరికగా ఉన్న ఒక ఉదయం, ఇంట్లో కనీసం ఇద్దరు ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోండి. చేతులకు మందపాటి తొడుగులు వేసుకోండి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు, చంటిపిల్లలు ఆ పూట ఇంకో గదిలోనో, పక్కింట్లోనో ఉండటం మంచిది. బూజు దులిపినప్పుడు లేచే దుమ్ము ఉబ్బసాన్ని రేపుతుంది.

ఎలుక పెంటికలు కనిపిస్తే పొడి చీపురుతో ఊడ్చవద్దు. ఊడిస్తే ఆ మురికి గాలిలోకి లేచి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. అది మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీయగలదు. కాళ్లకు, చేతులకు పుండ్లు, గీతలు ఉన్నవారికి అది మరింత తేలికగా సోకుతుంది.

లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగు పౌడరు కలిపి, తేరిన నీటితో ఆ చోటును తడపండి. ఐదు నిమిషాలు ఆగి, తడి గుడ్డతో గాని, పాత కాగితంతో గాని ఎత్తి పారవేయండి. బ్లీచింగు నీటిలో బాత్రూము కడిగే యాసిడ్ ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని, స్నానం చేయండి.

మూటల కింద, గోనెసంచుల మడతల్లో, కట్టెల మధ్య తేళ్లు ఉంటాయి. కాబట్టి చీకటి మూలలోకి చేయి పెట్టకండి. టార్చిలైటు వేసి, కర్రతో కదిలించి, ఆ తరువాతనే వస్తువును తీయండి. ఎర్రతేలు కుట్టినప్పుడు నొప్పి తక్కువగా ఉన్నా, చెమటలు పట్టడం, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం కనిపిస్తే అది ప్రాణాపాయం. ముఖ్యంగా పిల్లలకు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రాజోసిన్ అనే మామూలు రక్తపోటు మాత్రతో ఇటువంటి రోగులను కాపాడవచ్చని చూపించారు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించింది. మందు ఉంది, కాని అది సమయానికి అందాలి. మంత్రం వేయించడానికి తిరుగుతూ ఆ సమయాన్ని పోగొట్టుకోకండి.

ఎలుకలు ఉన్నచోటికి వాటిని వెదుక్కుంటూ పాములు కూడా వస్తాయి. పాము కాటు వేస్తే గాటు పెట్టవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కాటుపడిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి.

2. ప్రతి వస్తువును అడగవలసిన నాలుగు ప్రశ్నలు

అటక మీద ఉన్నదంతా కిందికి దించి, వరండాలోనో పెరట్లోనో పరచండి. తిరిగి పైకి ఎక్కించే ముందు ప్రతి వస్తువు గురించి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: దీనిని ఒక మనిషి తేలికగా దించగలడా? నిచ్చెన మీద నిలబడి తల కంటే ఎత్తు నుండి దించే బరువు, నేల మీద మోసే బరువు కంటే చాలా ప్రమాదకరం. 25 కిలోల బియ్యం బస్తా నేల మీద ఎత్తగలిగిన మనిషి కూడా నిచ్చెన మీద దానిని దించలేడు.

రెండవది: ఇది వేడికి, దుమ్ముకు, ఎలుకలకు తట్టుకుంటుందా? ఎండాకాలంలో రేకుల కప్పు కింద చేయి పెడితే చాలు, అక్కడి వేడి ఎంతో తెలుస్తుంది.

మూడవది: ఇది ఏ అర్ధరాత్రో తొందరగా కావలసి వస్తుందా? వస్తుంది అంటే దాని చోటు అటక కాదు.

నాలుగవది: ఇది విషమా, మండేదా? అవునంటే అది నివసించే ఇంట్లోనే ఉండరాదు.

ఈ ప్రశ్నలకు నిలవని వస్తువులను పక్కన పెట్టండి. బాగున్నవాటిని అవసరమైనవారికి ఇవ్వండి, పాడైనవాటిని పాత సామాను కొనేవాడికి వేయండి. మూడు సంక్రాంతులు గడిచినా ఒక్కసారి కూడా దించని వస్తువు మనకు అవసరమైనది కాదు.

3. పైన పెట్టదగినవి

ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే కావలసినవి, తేలికైనవి, పొడిగా ఉండేవి అటకకు తగినవి.

క్రిస్మస్ నక్షత్రం, రంగు కాగితాలు, లైట్ల తీగలు, ఖాళీ సూటుకేసులు, చాపలు, అదనపు దిండ్లు, చలికాలపు రగ్గులు, పెళ్లిళ్లకు వాడే తేలికపాటి స్టీలు పళ్లాలు ఈ కోవలోకి వస్తాయి. లైట్ల తీగలను ఎలుకలు కొరికి ఉండవచ్చు. కాబట్టి దించిన తరువాత తీగ పొడవునా చూసి, ఎక్కడైనా రాగి బయటపడితే వాడకండి.

ఎయిర్ కూలరు: వేసవి అయిపోగానే దీనిని పైకి ఎక్కించేవారు చాలామంది. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఎక్కించే ముందు నీరంతా పారబోసి, తొట్టి లోపలి గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్ది, ఎండలో ఆరబెట్టండి. డెంగీ దోమ తన గుడ్లను నీటి అంచున గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నీరు లేకుండా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పిల్లలవుతాయి. నీరు పారబోసినంత మాత్రాన అవి పోవు, రుద్దితేనే పోతాయి. మళ్లీ వేసవిలో దించినప్పుడు కూడా ఒకసారి రుద్ది కడగండి.

పసిపిల్లల బట్టలు: పెద్దబిడ్డ వేసుకున్న చొక్కాలు, టోపీలు, పొత్తిగుడ్డలు తరువాతి బిడ్డ కోసం దాచడం తల్లుల అలవాటు. పురుగు పట్టకుండా వాటిలో కలరా ఉండలు వేస్తారు. ఇది మానుకోవాలి. ఈ ఉండల్లో నాఫ్తలీన్ ఉంటుంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జి-6-పి-డి అనే పదార్థం రక్తకణాలలో తక్కువగా ఉంటుంది. అటువంటి బిడ్డకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగితే ఎర్రరక్తకణాలు విరిగిపోయి, పసికామెర్లు ఎక్కువై, మెదడు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. తన బిడ్డకు ఆ లోపం ఉందో లేదో ఏ తల్లికీ ముందుగా తెలియదు. బట్టలను బాగా ఉతికి, ఎండబెట్టి, ఎండిన వేపాకు వేసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి. బిడ్డకు తొడిగే ముందు మళ్లీ ఉతికి ఎండలో వేయండి. బిడ్డ కళ్లు, ఒళ్లు పచ్చబడినా, పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించండి.

4. పైన పెట్టకూడనివి

పురుగుమందులు: పిల్లలకు అందదని పొలం మందు డబ్బాలను అటక మీద పెడతారు. ఆ డబ్బా కారితే కింద ఉన్న పొయ్యి మీద, మంచం మీద పడుతుంది. 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసిన ఎండోసల్ఫాన్ వంటి పాత మందుల డబ్బాలు మీ అటక మూలలో ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిని కాలువలో పారబోయకండి, ఖాళీ డబ్బాను నీళ్లకు వాడకండి. వ్యవసాయ అధికారిని అడిగి, ఆయన చెప్పినట్లు చేయండి.

మరో సంగతి మనసు విప్పి చెప్పుకోవాలి. అప్పుల బాధలో, కుటుంబ గొడవలో, పరీక్ష తప్పిన దుఃఖంలో ఉన్న మనిషికి విషం చేతికందే దూరంలో ఉంటే క్షణంలో ఘోరం జరిగిపోతుంది. అది అందకపోతే, ఆ గడియ దాటిపోయి మనిషి బతికిన సందర్భాలు ఎన్నో. అందుకే మందును అవసరమైనంత మాత్రమే కొనండి. మిగిలితే ఇంటి బయట, తాళం వేసిన పెట్టెలో, అసలు సీసాలోనే ఉంచండి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉంటే వారిని ఒంటరిగా వదలక, 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022లో ప్రారంభమైన ఈ టెలీ మానస్ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు.

ధాన్యంలో వేసే గుళికలు: అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళికలు గాలిలోని తేమ తగిలి విషవాయువును వదులుతాయి. ఆ వాయువు గాలి కంటే బరువైనది. అటక మీది బస్తాలలో వేస్తే అది కింద నిద్రపోతున్నవారి మీదికే దిగుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. మనుషులు పడుకునే ఇంట్లో ఈ గుళికలను ఏ పరిస్థితిలోనూ వాడరాదు.

కిరోసిన్, పెట్రోలు, రంగు డబ్బాలు, గ్యాస్ సిలిండరు: ఇవి అటక మీద ఉంటే మంటలు కప్పు నుండి మొదలవుతాయి. కిరోసిన్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచవద్దు. పిల్లవాడు తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మందులు: చాలా మాత్రల అట్టపెట్టెల మీద 30 డిగ్రీల లోపు, కొన్నింటి మీద 25 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. అటక వేడిలో వాటి శక్తి తగ్గిపోతుంది. వాడని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి.

ఆసుపత్రి కాగితాలు: డిశ్చార్జి చీటీలు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షల ఫలితాలు, పిల్లల టీకాల కార్డులు పాతబడ్డాయని అటక మీద పారేయకండి. ఏ మందు మీకు పడలేదో, ఏ ఆపరేషను ఎప్పుడు జరిగిందో డాక్టరుకు చెప్పేవి అవే. వాటినన్నిటినీ ఒక సంచిలో పెట్టి, తలుపు దగ్గర మేకుకు తగిలించండి.

నడక సహాయాలు: వాకరు, చంక కర్రలు, మంచం పక్కన పెట్టుకునే కమోడు కుర్చీ కింద అందేచోటనే ఉంచండి. అవసరం వచ్చిన రోజున వాటిని దించే మనిషి దొరకకపోవచ్చు.

5. అటక బలం చూసుకోవడం

చెక్క అటక అయితే దూలాలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగినా, తడితే డొల్లగా మోగినా చెదలు తిన్నాయని గుర్తు. వడ్రంగి చూసేవరకు దాని మీద బరువు పెట్టవద్దు.

గోడ నుండి ముందుకు వచ్చిన సిమెంటు సజ్జకు ముందు అంచున ఆధారం ఉండదు. అందుచేత ఉన్నంతలో బరువైనవి గోడ వైపు, తేలికైనవి అంచు వైపు పెట్టండి. అంచున పగుళ్లు, ఇనుప చువ్వల తుప్పు కనిపిస్తే సామాను దించి మేస్త్రీకి చూపించండి.

షెడ్డు పైకప్పు దూలాలు సాధారణంగా రేకుల బరువును మోయడానికే వేసినవి. వాటి మీద పలకలు పరచి సామాను పేర్చే ముందు మేస్త్రీని అడగండి. ఆస్‌బెస్టాస్ రేకులైతే వాటికి రంధ్రాలు వేయవద్దు, కోయవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

వస్తువులు జారి పడకుండా అంచు వెంట నాలుగు అంగుళాల ఎత్తు చెక్క బిగించండి. అట్టపెట్టెలను ఎలుకలు, చెదలు తింటాయి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, రేకు పెట్టెలు మేలు. ప్రతి డబ్బా మీద లోపల ఏముందో పెద్ద అక్షరాలతో రాయండి. ఆ జాబితానే ఒక కాగితం మీద రాసి, కింద బీరువా తలుపు లోపల అంటించండి. వెదకడానికి ఎక్కే పని సగం తగ్గిపోతుంది.

6. ఎవరు ఎక్కాలి, ఎలా ఎక్కాలి

గర్భిణులు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు, తల తిరుగుడు ఉన్నవారు ఎక్కరాదు. రక్తపోటు మాత్రలు వేసుకునేవారిలో కొందరికి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గి, నిచ్చెన మెట్టు మీద కాలు ఆనిందో లేదో తెలియదు. పెద్దవయసు స్త్రీలలో ఎముకలు గుల్లబారి ఉంటాయి. చిన్న దెబ్బకే తుంటి విరిగి నెలల తరబడి మంచం పట్టవలసి రావచ్చు. "అమ్మమ్మా, నీకేం కావాలో చెప్పు, నేను దించుతాను" అని ఇంట్లోని పిల్లలు అడగటం నేర్చుకోవాలి. పెద్దలు కూడా, ఒకరిని అడగడం చిన్నతనం అనుకోరాదు.

కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద డబ్బా పేర్చి ఎక్కవద్దు. గట్టి నిచ్చెన వాడండి. నిచ్చెన ఆనే చోటు 8 అడుగుల ఎత్తులో ఉంటే, దాని కాళ్లు గోడకు 2 అడుగుల దూరంలో ఉండాలి. అంటే ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం. కింద ఒకరు పట్టుకోవాలి. చీర కుచ్చిళ్లు, లుంగీ కాళ్లకు అడ్డం పడకుండా దోపుకోండి. జారే చెప్పులు విడవండి. రెండు కాళ్లు, ఒక చేయి ఎప్పుడూ నిచ్చెనను అంటిపెట్టుకుని ఉండాలి. వస్తువును కింద ఉన్నవారికి అందించండి, చంకలో పెట్టుకుని దిగవద్దు.

ఎక్కే ముందు గదిలోని ఫ్యాను ఆపండి. తలుపు పైన ఉండే సజ్జకు ఫ్యాను రెక్కలు చాలాసార్లు దగ్గరగానే ఉంటాయి. స్విచ్చి దగ్గరకు పిల్లలు వెళ్లకుండా చూసుకోండి.

7. ఎవరైనా పడితే

కంగారుగా చంకల కింద చేయి వేసి లేపకండి. మెడ నొప్పి, నడుము నొప్పి, కాళ్లు చేతులు తిమ్మిరిగా ఉండటం, కదల్చలేకపోవడం ఉంటే వెన్నెముకకు దెబ్బ తగిలి ఉండవచ్చు. అటువంటి మనిషిని కూర్చోబెడితే, ఆటోలో మడిచి పడుకోబెడితే శాశ్వతంగా కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. తలను, మెడను కదలకుండా పట్టుకుని, 108కి ఫోన్ చేయండి. తాగడానికి నీళ్లు ఇవ్వవద్దు.

తలకు దెబ్బ తగిలినవారు మొదట బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. ఆ రోజంతా కనిపెట్టి ఉండండి. మళ్లీ మళ్లీ వాంతులు, మగత, పెరిగే తలనొప్పి, మాట తడబాటు, ఫిట్స్ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తేవాలి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవారు తలకు చిన్న దెబ్బ తగిలినా తప్పక చూపించుకోవాలి.

కుటుంబమంతా కలిసి ఆలోచించండి

ఈ పాఠాన్ని ఇంట్లో ఒకరు చదువుతుండగా మిగిలినవారు విని, ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పండి.

1. మన అటక మీద ఏమేమి ఉన్నాయో చూడకుండా ఎన్ని చెప్పగలం?
2. పురుగుమందు, కిరోసిన్, గుళికలు మన ఇంట్లో ఎక్కడ ఉన్నాయి? వాటిని ఈ రోజే ఎక్కడికి మార్చాలి?
3. మన ఆసుపత్రి కాగితాలన్నీ ఒక్కచోట ఉన్నాయా? రాత్రివేళ ఎంతసేపట్లో తీయగలం?
4. మన ఇంట్లో నిచ్చెన ఎక్కకూడనివారు ఎవరు? వారికి కావలసినవి దించి ఇచ్చే బాధ్యత ఎవరిది?

నాలుగో ప్రశ్నకు జవాబుగా ఒకరి పేరు రాసి, బీరువాలో అంటించిన జాబితా కిందనే పెట్టండి. బరువైనవి, విషమైనవి, తొందరగా కావలసినవి కిందికి వచ్చి, తేలికైనవి మాత్రమే పైన మిగిలితే అటక పని పూర్తయినట్లే.